అరచేతిలో ఆరు కుట్లు

మా ఆవిడ చేతికి గుడ్డ అందిస్తే చాలు, కళ్ళతో చూడక్కర్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రెండుసార్లు నలిపి తీర్పు చెప్పేసేది. "పైన పటారం. నాలుగు ఉతుకులకి జల్లెడైపోతుంది, తిరిగిచ్చెయ్యండి" అనేది. లేదంటే, "ముతకదే, కానీ ఉతికితే కుంచించుకుపోయే రకం కాదు. ఉంచుకోవచ్చు" అనేది. మా వీధిలో సగంమంది గుడ్డ కొనేముందు చిన్న ముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేవాళ్ళు. వాళ్ళలో మా దగ్గర కుట్టించుకునేవాళ్ళు పదిమందికి ఇద్దరు. ఉచిత సలహాలకి దుకాణం పెట్టామా అని నేను సణిగితే, "మాటేగా, అరిగిపోతుందా" అని నవ్వేది.

ఇంటి ముందుగదే మా దుకాణం. కిటికీ పక్కన ఆవిడ కాలి మిషను, గోడవారగా నా కోత బల్ల. నాది కత్తెర, ఆవిడది సూది. ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను కోసింది ఆవిడ కుడుతోంది. కొట్లాటల్లోనూ అదే వరస, నేను తెంపుతాను, ఆవిడ అతుకుతుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి సరదాగా మిషనెక్కి సూది విరగ్గొట్టాను. ఆ తర్వాత అటు వెళ్ళలేదు.

బడులు తెరిచే ముందు ఎనిమిది వారాలూ యూనిఫారాలతో మాకు ఊపిరాడని కాలం. ఆ ఏడు రెండో వారంలో, కుట్టి మడతపెట్టిన తెల్లచొక్కాలు లెక్క చూస్తుంటే ఒక కాలరు మీద ఎర్రటి చుక్క కనిపించింది. ఇంకోదాని మీదా ఉంది.

"తెల్లగుడ్డ మీద పని చేస్తూ చేతులు కడుక్కోవా?" అని కసిరాను.

ఆవిడ మిషను ఆపి చేతులు చూసుకుంది. చూపుడువేలి కొస నుంచి నెత్తురు కారుతోంది. సూది ఎప్పుడు గుచ్చుకుందో ఏమో, ఆవిడకి తెలియనే లేదు.

"నొప్పి పుట్టలేదా?"

"లేదండీ. ఈ మూడు వేళ్ళూ కొన్నాళ్ళుగా నావి కానట్టుంటున్నాయి" అంది, పక్కింటివాళ్ళ సంగతేదో చెబుతున్నట్టు.

తవ్వితే అన్నీ బయటపడ్డాయి. ఏడాది దాటిందట. నిద్రలో చెయ్యి మొద్దుబారి మంటలు పుడితే లేచి కూర్చుని విదిలించుకునేదట. కప్పులు జారిపోయేవట. రెండు పగిలినప్పుడు నా మీద పెట్టేసిందట కూడా. అప్పుడు నాకు గుర్తొచ్చింది. కొన్ని నెలలుగా జనం తెచ్చిన గుడ్డముక్కల్ని ఆవిడ ఎడమచేత్తో నలుపుతోంది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. పైగా కుట్టు వంకరపోతోందని రోజూ ఆడిపోసుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చేతుల డాక్టరమ్మ చిన్నపిల్లే, మా అమ్మాయంటే నమ్మొచ్చు. నరాల పరీక్ష చేయించి, ఆవిడ అరచేతిని దీపం కింద తిప్పి చూసింది. బొటనవేలి కింద మెత్త పల్చబడి ఉంది.

"మణికట్టు దగ్గర సన్నటి దారి ఒకటుంటుందమ్మా. వేళ్ళని కదిలించే తాళ్ళూ, ఈ వేళ్ళకి స్పర్శనిచ్చే నరమూ అందులోంచే వెళ్తాయి. పైన గట్టి పట్టీ కప్పులా ఉంటుంది. లోపల చోటు చాలక నరం నలిగిపోతోంది. మొదట్లో వచ్చుంటే మణికట్టుకి కట్టు వేసో, ఇంజెక్షన్ ఇచ్చో చూసేవాళ్ళం. ఇప్పుడా దశ దాటింది. ఆ పట్టీని కోసి వదులు చెయ్యాలి."

"చంక బిగుతైన చొక్కాకి కుట్టు విప్పి వదులిచ్చినట్టు" అన్నాను.

"అచ్చం అంతే."

"మరి వదులివ్వడానికి దేవుడు లోపలి మడతలో గుడ్డ వదిలిపెట్టాడా?" అని అడిగింది మా ఆవిడ. డాక్టరమ్మ పగలబడి నవ్వింది. కోసిన చోట కొత్తది అదే పెరిగి అతుకుతుందని, ఆ కాస్త పెరుగుదలే నరానికి చోటని చెప్పింది. చెయ్యి వరకే మత్తు, ఇరవై నిమిషాల పని, ఆ రోజే ఇంటికి.

మా ఆవిడకి కావాల్సింది అది కాదు. "వేళ్ళకి మళ్ళీ తెలుస్తుందా? గుడ్డ పట్టుకుంటే తెలుస్తుందా?"

డాక్టరమ్మ తొందరపడలేదు. "నిద్ర చెడగొట్టే ఆ మంట చాలామందికి మొదటి వారంలోనే పోతుంది. స్పర్శ మాత్రం నెమ్మది. నరం ఎన్నాళ్ళు నలిగిందో దాన్నిబట్టి. పూర్తిగా రావచ్చు, కొంత మిగిలిపోనూవచ్చు, మాటివ్వలేను. చేతిపట్టు కొన్ని నెలలు తగ్గుతుంది. అరచేతిలో మచ్చ నొక్కితే నొప్పి పెడుతుంది. అరుదుగా చీము పడుతుంది. మరీ అరుదుగా నరానికే దెబ్బ తగలొచ్చు. చేయించుకోకపోతే ఉన్న స్పర్శ కూడా పోతుంది, అది మాత్రం ఖాయం."

"సీజను అయ్యాక చేయించుకుంటాను."

"మీ ఇష్టం. నరానికి సీజను తెలీదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. దారంతా ఆవిడ ఇంకెన్ని చొక్కాలున్నాయో వేళ్ళమీద లెక్కపెడుతూనే ఉంది, ఆ స్పర్శ తెలియని వేళ్ళ మీదే. ఇంటికొచ్చి, ఆ చొక్కాలు కుట్టమన్న బడికి నేనే వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్‌గారు మంచి మనిషి. సగం బట్టలు వేరేవాళ్ళకి అప్పజెప్పి, మిగతా సగానికి బడి తెరిచే రోజు దాకా గడువిచ్చారు. ఇవి ఎవరు కుడతారని అడిగితే నేనే అన్నాను. హెడ్మిస్ట్రెస్‌గారు నన్ను ఎగాదిగా చూసి, ఏమనుకున్నారో ఏమో, సరేనన్నారు.

ఆపరేషన్ రోజు నేను బయట బెంచీ మీద కూర్చుని ఉన్న గోళ్ళన్నీ కొరికేశాను. మా ఆవిడ తెల్లటి లావు కట్టుతో కబుర్లు చెప్పుకుంటూ వచ్చింది. "చెయ్యి నాదేగానీ అక్కడేదో జరుగుతున్నట్టే లేదండీ. తెరకి అవతల ఆ అమ్మాయి కత్తెర చప్పుడు విన్నాను. తడబాటు లేదు. మీకన్నా నయం" అంది. నాకు కోపం రాలేదు. ఆ క్షణంలో ఆవిడ ఇంకేమన్నా వచ్చేది కాదు.

మర్నాడు పొద్దున్నే లేచి, "నిద్రలో ఒక్కసారీ చెయ్యి విదిలించలేదండీ" అంది. ఏడాదిగా నిద్ర కరువైన మొహం కడిగినట్టుంది. నేను టీ పెట్టడానికని వంటింట్లోకి వెళ్ళి, కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇక అక్కడి నుంచి నా పాట్లు మొదలు. చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉండాలని, వేళ్ళు గంటగంటకీ ముడిచి తెరవాలని, తడి తగలకూడదని చెప్పి పంపారు. కాబట్టి ఆవిడ మిషను పక్కన కుర్చీలో, మూడు దిండ్ల మీద చెయ్యి పెట్టుకుని, ప్రమాణం చేస్తున్నట్టు కూర్చునేది. నేను మిషను మీద. కాజాలు కుట్టి బొత్తాలు పెట్టడానికి రోజూ వచ్చే అక్క ఒకావిడుంది, వీధంతా బొత్తాల అక్క అంటారు. ఆవిడ గుమ్మం దగ్గర ముక్కాలిపీట వేసుకుని, పనితోపాటు వినోదం కూడా దొరికిందని సంబరపడేది.

"పెడలు తొక్కండి, చంపకండి" అనేది మా ఆవిడ. "గుడ్డని లాగకండి, అదే వెళ్తుంది. మీరు దానికి దారి చూపించాలంతే."

"మిషనులో ఏదో లోపముంది."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అంది బొత్తాల అక్క, దారం పంటితో తెంపుతూ. "నిన్నటిదాకా లేని లోపం నువ్వెక్కగానే వచ్చిందా మరిదీ?"

నా మొదటి కాలరు ఒక చెవి పైకీ ఒక చెవి కిందకీ వచ్చింది. మా ఆవిడ దాన్ని ఎడమచేత్తో ఎత్తి చూసి, "ఇది వేసుకున్న పిల్లాడు బోర్డు వైపు చూడలేడు, కిటికీ వైపే చూడాలి" అంది. విప్పాను. మళ్ళీ కుట్టాను. మళ్ళీ విప్పాను. కుట్టడం రాకపోయినా విప్పడంలో మాత్రం ఆరితేరాను. ఆ నేర్పే కొంప ముంచింది.

ఐదో రోజు లావు కట్టు తీసి పల్చటి పట్టీ వేశారు. రోజూ ఇంట్లోనే మార్చుకోమన్నారు. ఎనిమిదో రోజు పట్టీ మారుస్తుంటే మా ఆవిడ అరచేతిని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. అరచేతి మధ్య నుంచి మణికట్టు దాకా ఆరు నల్లటి కుట్లు.

"చూశారా, బిగించేసింది. రెండు పక్కలా చర్మం ముడతలు పడింది."

"అది చర్మం. గుడ్డ కాదు."

"ఏదైతేనేం, బిగిస్తే ముడత పడుతుంది. ఆ అమ్మాయే చెప్పిందిగా, అసలు పని లోపల అయిపోయింది, ఇవి పైన మూసి ఉంచడానికేనని. అంటే కచ్చా కుట్లేగా? అసలు కుట్టు పడ్డాక కచ్చా కుట్టు ఉంచుకుంటామా? వీటివల్లే వేళ్ళు పూర్తిగా ముడుచుకోవట్లేదు."

"పద్నాలుగో రోజు రమ్మన్నారు."

"అది వాళ్ళ ఖాతాదార్లందరికీ చెప్పే మాట. మనమూ రేపిచ్చేదానికి ఎల్లుండి రమ్మనమూ?"

ఇరవై తొమ్మిదేళ్ళ దర్జీలం. ఎక్కడైనా కచ్చా కుట్టు కనిపిస్తే మా చేతులు ఊరుకోవు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది, అదే నా ఖర్మ. దారాలు తెంపే చిన్న కత్తెర వేణ్ణీళ్ళలో మరిగించి, చేతులు మూడుసార్లు కడుక్కుని, ఏదో పెద్ద శుభ్రత పాటించినట్టు విప్పడానికి కూర్చున్నాను. మణికట్టు వైపు నుంచి మొదలుపెట్టాను. ఒకటి. రెండు. మూడు. దారం వెంట్రుకలా బయటికొచ్చింది. "మీ చేతిలో ఏదో ఉందండీ" అని మెచ్చుకుంది కూడా. అప్పుడే బొత్తాల అక్క గుమ్మంలోంచి పలకరిస్తే, ఇటు తిరుగుతూ మా ఆవిడ అలవాటుకొద్దీ కుర్చీ చేతి మీద అరచెయ్యి ఆన్చింది. విప్పిన చోట చర్మం కాజాలా నోరు తెరిచింది.

పావుగంటలో ఆస్పత్రిలో ఉన్నాం. డాక్టరమ్మ గాయం చూసి, మా మొహాలు చూసింది.

"ఎవరు విప్పారు?"

"నేనేనమ్మా" అంది మా ఆవిడ ఠక్కున.

"ఎడమచేత్తోనా? ఇంత శుభ్రంగానా?"

నేను తేలు కుట్టిన దొంగలా గోడవైపు చూస్తున్నాను. ఇంతకాలం కాపురం చేసిన మనిషి నా తప్పు నెత్తిన వేసుకుంటుంటే ఎంతసేపని చూస్తాం? "నేనే డాక్టరమ్మా" అన్నాను. "కచ్చా కుట్లనుకున్నాం."

డాక్టరమ్మకి కోపమో నవ్వో తేల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. "అరచేతి చర్మం మందం. అతుక్కోవడానికి మిగతా ఒంటికన్నా ఎక్కువ రోజులు కావాలి. పద్నాలుగంటే పద్నాలుగే" అని, తెరుచుకున్న చోట అంటుపట్టీలు వేసింది. "ఇందులో చీముపడి లోపలి తాళ్ళ దాకా దిగిందంటే వేళ్ళు బిగుసుకుపోతాయి. ఎర్రబడినా, సలుపు పుట్టినా, జ్వరం వచ్చినా వెంటనే రండి."

రెండోరోజుకల్లా ఎర్రబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు రోజూ ఆస్పత్రికి తిరిగాం. గాయం కడిగారు, మాత్రలు ఇచ్చారు. అదృష్టం, చీము పైపైనే ఆగింది. పదిరోజులకి మానింది గానీ, మచ్చ తాడులా గట్టిపడింది. ఆ పదిరోజులూ నేను మిషను మీద కూర్చుంటే కళ్ళముందు ఆ తెరుచుకున్న చర్మమే. ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

గాయం మానాక డాక్టరమ్మ కొత్త పని చెప్పింది. మచ్చ మీద రోజూ నూనెతో నెమ్మదిగా రుద్దాలి. మెత్తటి బంతి నొక్కాలి. కళ్ళు మూసుకుని రకరకాల గుడ్డలు తాకి, ఏదేమిటో చెప్పాలి. వేళ్ళు మళ్ళీ చదువు నేర్చుకోవాలన్నమాట. "మీ ఇంట్లో ఆ బడి నడపడం తేలికేగా" అంది.

పాత బొత్తాల డబ్బాలో ఆరు ముక్కలు వేశాను. చొక్కాల పాప్లిన్, దళసరి డ్రిల్, పల్చటి వాయిల్, నూగుండే ఫ్లానెల్, జారిపోయే శాటిన్, గీతలు తేలిన మందంగుడ్డ. రోజూ పొద్దున టీ అయ్యాక ఆవిడ కళ్ళు మూసుకునేది, నేనొక ముక్క ఆ వేళ్ళ మధ్య పెట్టేవాణ్ణి. మొదటిరోజు గీతల మందంగుడ్డ ఒక్కటే పోల్చుకుంది. దాన్నైతే చెక్కతో చేసిన చెయ్యి కూడా పోల్చుకుంటుంది. రెండోది డ్రిల్. నలిపింది, నలిపింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"పాప్లినా?" అంది.

ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. వీధిలో సగంమంది ఆ వేళ్ళ మాట నమ్మి గుడ్డలు కొన్నారు. ఆ చేతి కుట్లు మూడు నేనే విప్పాను.

"అవును, పాప్లినే" అన్నాను.

కళ్ళు తెరిచేలోపు ముక్క డబ్బాలో పడేశాను. ఆవిడ మొహం విప్పారింది. ఒక్కసారి మొదలుపెట్టాక ఆపడం ఎలా? డ్రిల్‌ని ఫ్లానెలంది, అవునన్నాను. వాయిల్‌ని శాటినంది, అవునన్నాను. బొత్తాల అక్క ఒకరోజు చూసి నోరు తెరవబోతే, కళ్ళతోనే దణ్ణం పెట్టాను. తర్వాత పెరట్లోకి లాక్కెళ్ళి నిలదీసింది.

"ఇదేం పని మరిదీ? తెలియనిదాన్ని తెలిసిందంటే చెయ్యి బాగవుతుందా?"

"మనసన్నా బాగుంటుంది కదక్కా."

"రేపు ఎవరో ముక్క తెచ్చి చేతిలో పెడితే? అప్పుడు వీధిలో పరువు పోయేది దానిది. నీది కాదు."

ఆ మాట నిజం. అయినా మర్నాడు పొద్దున ఆవిడ కళ్ళు మూసుకుని చెయ్యి చాపగానే నా నోట్లోంచి అవుననే వచ్చింది.

ఈలోగా చొక్కాలు పోగుపడ్డాయి. నేను మెరుగుపడ్డానని నేననను, మా ఆవిడ విప్పమనడం తగ్గించింది. చేతుల అంచులు కుట్టడం వచ్చింది, జేబులు నిలిచాయి. ఎడమ చూపుడువేలు మాత్రం సూదిపోట్లతో గరుకు కాగితంలా తయారైంది. బడి తెరిచే ముందురోజు సాయంత్రానికి ఆఖరి మూట హెడ్మిస్ట్రెస్‌గారికి అందింది.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర ఇద్దరం నిలబడ్డాం. వీధిలో తెల్లచొక్కాలు గుంపులు గుంపులుగా వెళ్తున్నాయి.

"అదిగో, ఆ చివరి పిల్లాడు. ఆ కాలరు నాది" అన్నాను.

"తెలుస్తూనే ఉంది" అంది. పిల్లాడు తల పక్కకి తిప్పుకునే నడుస్తున్నాడు. నవ్వలేక చచ్చాం.

తర్వాత టీ తాగి డబ్బా ముందేసుకుని కూర్చున్నాం. ఆవిడ కళ్ళు మూసుకుంది. నేను పాప్లిన్ ముక్క పెట్టాను. రెండుసార్లు నలిపింది.

"పాప్లిన్."

"అవును." ఆ వారంలో నేను చెప్పిన మొదటి నిజం అదే. ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఆవిడ కళ్ళు తెరవలేదు. "నిన్నా ఇదే ఇచ్చారు" అంది. "నేను వాయిల్ అన్నాను, మీరు అవునన్నారు. మొన్న ఫ్లానెల్‌ని శాటిన్ అన్నాను. దానికీ అవునన్నారు. ఫ్లానెల్‌ని శాటినంటే ఒప్పుకునే దర్జీ ఎక్కడైనా ఉంటాడా?"

ఆ ముక్క ఆవిడ వేళ్ళలోంచి తీసుకున్నాను.

"నీకు... ఎప్పట్నించి తెలుస్తోంది?"

"ఆదివారం నుంచి. బొటనవేలికీ చూపుడువేలికీ బాగానే. మధ్యవేలు ఇంకా మొద్దుగానే ఉంది."

"మరి తప్పులెందుకు చెప్పావు?"

"మీరెన్నాళ్ళు అవునంటారో చూద్దామని. అసలు అనుమానం అంతకుముందే వచ్చింది లెండి. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో నా మాటకి వరసగా మూడుసార్లు అవునన్న మనిషి కారు మీరు."

నవ్వాలనుకున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కుట్లు విప్పింది నేను. నీ చెయ్యి నావల్లే పోయిందనుకున్నాను" అన్నాను.

"విప్పమన్నది నేను" అంది. "ఇటివ్వండి."

ఇంకో ముక్క కోసమనుకుని డబ్బాలో చెయ్యి పెట్టబోయాను. ఆవిడ నా ఎడమచెయ్యి పట్టుకుంది. కళ్ళు మూసుకునే, సూదిపోట్లు పడ్డ నా చూపుడువేలిని తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, నెమ్మదిగా రెండుసార్లు నలిపింది.

"ముతకదే" అంది. "కానీ ఉతికితే కుంచించుకుపోయే రకం కాదు. ఉంచుకోవచ్చు."